భుజం కింద సూది

పోయిన వారం మీరు నన్ను కర్నూలులో ఎక్స్‌రే గదిలో నిలబెట్టి వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తే చాలు. నా పేరు హర్షిణి, మాది వేంపల్లె. బ్రిటన్‌లో ప్రజారోగ్యం చదవడానికి సీటు వచ్చింది. స్టూడెంట్ వీసాకు దరఖాస్తు పెట్టాలంటే ముందు క్షయ లేదని తేల్చే పరీక్ష చేయించుకోవాలి. అది హైదరాబాదులో, వాళ్ళు చెప్పిన చోటే చేయించుకోవాలి. మా తాత తిమ్మయ్య క్షయతోనే పోయాడు కాబట్టి నాకు లోపల దడ. సోమవారం హైదరాబాదు వెళ్ళేలోగా కర్నూలులో ఒక ఫోటో తీయించుకుని ధైర్యం తెచ్చుకుందామనుకున్నాను. ధైర్యం సంగతి దేవుడెరుగు.

ఫోటోలు తీసే ఫారూఖన్న ఒకసారి తీసి, తెర వైపు చూసి, నన్ను మళ్ళీ పిలిచాడు.

"గొలుసు తీసినావా పాపా?"

"తీసినానన్నా."

"జుట్లో పిన్నులు? లోపల పిన్నీసు ఏమన్నా పెట్టుకుండావా?"

"ఏమీ లేవు."

రెండోసారి తీశాడు. సరిపోలేదో ఏమో, ఇంకోసారి కూడా తీశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని గడ్డం గోక్కుంటూ, "ఇది గుడ్డల్లో లేదు పాపా, లోపల ఉండాది," అన్నాడు.

తెర మీద నా ఎముకలు కనిపిస్తున్నాయి. ఊపిరితిత్తులు రెండూ శుభ్రంగా ఉన్నాయట. ఆ మాట వినడానికే కదా వచ్చాను, కానీ విన్నా సంతోషం కలగలేదు. ఎడమ భుజం కింద, రెండు పక్కటెముకల మధ్య, ఏటవాలుగా ఒక తెల్లటి గీత ఉంది. డాక్టరమ్మ వచ్చి చూసింది. పెద్దావిడ, ఊరికే కంగారుపడే రకం కాదు.

"సూది," అంది. "పాతది. చుట్టూ కండ పట్టేసింది. పసిబిడ్డగా ఉన్నప్పుడు దిగి ఉంటుంది. పెద్దయ్యాక దిగి ఉంటే నీకే తెలిసేది కదా."

"ఎట్లా దిగుతుంది డాక్టర్?"

"నన్నడిగితే ఎట్లమ్మా? మీ ఇంట్లో అడుగు."

ప్రాణానికి భయమేమీ లేదని, దాన్ని కదిలించకపోవడమే మంచిదని చెప్పింది. కానీ హైదరాబాదు వాళ్ళు తప్పకుండా అడుగుతారట. అదేమిటో తేలేదాకా సర్టిఫికెట్ ఆపారంటే కాలేజీలో చేరే గడువు దాటిపోతుందట. "ఎప్పుడు, ఎట్లా జరిగిందో మీ అమ్మను అడిగి రా. అది రాసి నేను సంతకం పెట్టి ఇస్తాను. అబద్ధం మాత్రం రాయను," అంది.

అంటే నా వీసా ఇప్పుడు మా అమ్మ నోట్లో ఉంది. మా అమ్మ చేత నోరు తెరిపించడం కంటే బ్రిటన్ వాళ్ళ చేత ముద్ర వేయించుకోవడం సులువు.

కడప బస్సెక్కి, అక్కడ వేంపల్లె బస్సు మారాను. ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సు గుంతలో పడినప్పుడల్లా చేయి దానంతటదే ఎడమ భుజం మీదికి పోయేది. ఈ సూది నాతోపాటు బడికి వచ్చింది, నాతోపాటు పరీక్షలు రాసింది, నేను నిద్రపోతే అదీ నా లోపల పడుకుంది. ఇరవై రెండేళ్ళు నా ఒంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాననుకున్నాను. తెర మీద ఆ గీత చూసినప్పట్నుంచి నాకు భయం పట్టుకుంది. అది చచ్చిపోతానన్న భయం కాదు. నన్ను ఎత్తి పెంచిన చేతుల్లో ఒక చేయి ఈ పని చేసిందన్న భయం.

బస్సులోంచే ఆ ఫోటోను ఓబులత్తకు పంపాను. ఓబులత్త, అంటే ఓబులమ్మ, మా నాయనకు అక్క. బ్రిటన్‌లో నర్సు. నాకు సీటు వచ్చిన ఊళ్ళోనే ఉంటుంది, నేను ఉండబోయేది కూడా వాళ్ళింట్లోనే. ఇంకా పంపని వీసా దరఖాస్తులో ఆ చిరునామానే రాశాం. పెళ్ళి చేసుకోలేదు, నన్ను ఎప్పుడూ "నా బిడ్డ" అనే అంటుంది. గుడ్ మార్నింగ్ అని పెడితే చాలు, డ్యూటీలో ఉన్నా సరే వెంటనే పూల బొమ్మలు పంపే మనిషి. ఎక్స్‌రే చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. పని ఒత్తిడిలో ఉందేమో పాపం అనుకున్నాను.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. నాయన చీనీకాయల, అంటే బత్తాయిల లోడుతో అనంతపురం మార్కెట్టుకు పోయాడు. మా అమ్మ వెంకటేశ్వరమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని బొంత కుడుతోంది. పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టే బొంత, నాకోసమే. విమానంలో ఇంత బరువు రానివ్వరమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. ఆ దేశం చలిని తన చీరలతోనే ఆపాలని పట్టు.

"ఏమ్మే, చెప్పాపెట్టకుండా వస్తివి? ఫోటోలో ఏమన్నా చెడ్డ ఉండాదా?"

"ఊపిరితిత్తులు బాగుండాయంట."

"అహోబిలం సామి దయ," అని చేతిలో సూది పట్టుకునే దండం పెట్టింది.

"అమ్మా, నా ఒంట్లో సూది ఉండాదంట."

అమ్మ ఏమంటుందో బస్సులో నేను నెమరేసుకుంటూ వచ్చాను. ఏం సూది అంటుంది, ఏ డాక్టరు చెప్పినాడు అంటుంది, వాళ్ళ మొగం అంటుంది. అవేవీ అనలేదు. బొంతలోంచి లాగుతున్న దారం సగంలో ఆగిపోయింది.

"ఎడం పక్కనా?" అంది.

నేను ఏ పక్కో చెప్పలేదు. కవరు ఇంకా తెరవనేలేదు. బయట నాపరాళ్ళు కాలిపోతున్నాయి, నాకు నిజంగానే చలేసింది.

"నీకెట్ల తెలుసు?"

"కూచో."

"కూచోను. నీకెట్ల తెలుసమ్మా?"

"కూచో పాపా. నిలబడి ఇనే మాట గాదు."

కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పట్నుంచి నేను ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే అమ్మ నిద్రలోనే నన్ను కుడి పక్కకు తిప్పేది. బడి సంచి ఎడమ భుజానికి వేసుకుంటే తిట్టేది. గుండె ఆ పక్క ఉంటాది గదా, అందుకని, అనేది. నేనూ నమ్మేశాను, తల్లి చెప్పిందంటే ఎవరైనా నమ్ముతారు కదా.

"నీకంటే ముందు ఒకతి పుట్టిండె, తెలుసు గదా," అంది అమ్మ.

తెలుసు. పుట్టిందనీ పోయిందనీ తెలుసు, అంతకుమించి ఏమీ తెలియదు. ఆ బిడ్డ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"మూడో నెల్లో పాయ. బాగా పాలు తాగేది, బాగా నగేది. ఉన్నట్టుండి ఏడుపు మొదలుపెట్టె. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. ఒళ్ళు కాలిపొయ్యేది. కడపకు ఎత్తకపోతాంటే బస్సులోనే నా ఒళ్ళో చల్లబడిపాయ. గాలి సోకిందనిరి అందరూ." అమ్మ బొంత మడతను అరచేత్తో సాఫు చేస్తూ చెప్తోంది. "నువ్వు పుట్టినాక మా అత్త, మీ జేజి రామసుబ్బమ్మ చెప్పె, బిడ్డ పక్కన ఇనుము పెట్టకుంటే ఇదీ దక్కదు అని. అందరూ పెడతారు, కత్తో కొడవలో. నాకు పసిబిడ్డ కాడ కత్తి అంటే బయం. బొంత కుట్టే సూది తీసి, నువ్వు పండుకునే బొంత అంచుకు గుచ్చి, దారం చుట్టి పెడితి. ఊడదులే అనుకుంటి."

అమ్మ అలవాటుకొద్దీ చేతిలోని సూదిని బొంత అంచుకు గుచ్చింది. గుచ్చి, ఏం చేసిందో చూసుకుని, చటుక్కున పీకేసి దూరంగా నేల మీద పెట్టింది.

"ఒకరోజు పొద్దుగూకేటప్పుడు బర్రెకు గడ్డేసి వస్తి. నువ్వు గుక్కబట్టి ఏడుస్తాండావు. ఎత్తుకుంటే ఎడం చెయ్యి కదిలించనియ్యవు. బొంత చూస్తే, సూది లేదు."

"ఎతికినావా?"

"ఎతకనా? బొంతంతా పీకేస్తి. ఇల్లంతా చిమ్మితి, చిమ్మిన దుమ్ము చేత్తో జల్లించి చూస్తి. యాడా లేదు. నీ ఒంటి మింద చూస్తి. భుజం కింద ఎర్రగా, చీమ కుట్టినంత."

"ఆసుపత్రికి?"

అమ్మ బొంత మడతను మళ్ళీ సాఫు చేసింది.

"అమ్మా, ఆసుపత్రికి ఎందుకు ఎత్తకపోలేదు?"

"ఏమని చెప్పేది? నా చేత్తో నేనే సూది పెడితి, అది బిడ్డలోకి పాయ అని చెప్పేదా? ఒకదాన్ని మింగినావు, ఇది రెండోది అనరా? మీ నాయన నన్ను ఇంట్లో ఉండనిచ్చునా?" పమిటతో ముఖం తుడుచుకుంది. "దర్గాకు ఎత్తకపోయి తాయెత్తు కట్టించుకొస్తి. అహోబిలం సామికి నీ వెంటికలు ఇస్తానని మొక్కుకుంటి. రోంత రోంతగా ఏడుపు తగ్గె. సూది యాడో జారి పడిపొయ్యుంటాది, ఇది గాలే అనుకుంటి. అనుకున్యా, అంతే. ఒక్క రోజు కూడా నమ్మలేదు."

వసారా అవతల గేదె కాళ్ళు మార్చుకుంటోంది. చెప్పాల్సింది ఇంకా ఏదో ఉందని అమ్మ ముఖం చూస్తే తెలుస్తోంది. నేను అడగలేదు. అదే చెప్పింది.

"పొద్దుగూకితే చాలు నువ్వు ఏడ్చేదానివి. నేను గడప కాడ నిలబడి దాన్ని తిట్టేదాన్ని."

"దేన్ని?"

"నీ అక్కను." అమ్మ నా వైపు చూడలేదు. "అదే వచ్చి నిన్ను పిలుస్తాండాదనిరి. పాలకోసం వస్తాదంట. నాకు ఇచ్చిన పాలు దానికెందుకు ఇస్తాండావు అని వస్తాదంట. నేను గడప కాడ నిలబడి, పో, పొయ్యి పండుకో, మల్ల రావాకు, దీన్ని ముట్టుకుంటే చెప్పుతో కొడతా అని అరిచేదాన్ని. మూడు నెల్ల బిడ్డను పాపా. నా కడుపున పుట్టినదాన్ని. అది వచ్చి ఆడ నిలబడుకోని ఇంటాండాదనే అనుకుంటి నేను. అనుకోని కూడా అట్ల అరిస్తి."

ఆ గడప వైపు చూడకుండా ఉండలేకపోయాను. రోజూ దాటే గడపే. నేను ఏ గదిలో ఏడ్చానో, ఎవరూ లేని ఏ చీకటి వైపు చూసి అమ్మ అరిచిందో నాకు కనిపించింది. ఇక నా జన్మలో ఆ గడపను మామూలుగా దాటలేను.

జాలి పడాల్సిన చోట నాకు కోపం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, బాగా కోపం వచ్చింది.

"అది రోంత పక్కకు పొయ్యుంటే నా గుండెలోకి పొయ్యుండేది. తెలుసా నీకు?"

"తెలుసు."

"నీ పరువు కోసం నోరు మూసుకున్యావు."

"మూసుకుంటి."

"రేత్రిపూట నన్ను పక్కకు తిప్పి పండుకోబెట్టడం తప్ప ఏం చేసినావు?"

"ఏం చెయ్యలే."

ప్రతి మాటనూ ఒప్పుకునే మనిషితో ఎంతసేపు పోట్లాడతాం? "ఇదంతా డాక్టరమ్మకు చెప్పాల. ఆయమ్మ రాసి సంతకం పెడతాది, వీసా వాళ్ళకు చూపిస్తాం," అన్నాను.

"చెప్పు. నా పేరే చెప్పు. నన్ను జైల్లో ఏసినా సరే. నువ్వు మాత్రం పొయ్యి ఆ సదువు సదువుకో."

అప్పటికైనా నేను ఊరుకోవాల్సింది. కానీ నా కోపం చల్లారలేదు. ఒక్కసారి కళ్ళారా చూస్తే గానీ ఆమెకు తెలియదు అనిపించింది. కవరులోంచి ఫిల్ము లాగి, గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టుకున్నాను.

"ఇదిగో చూడు, నీ సూది."

అమ్మ లేచి వచ్చింది. ముందు నా ఎముకలను చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తర్వాత గీతను చూసింది. దగ్గరికి వంగింది. నేల మీద పెట్టిన బొంత సూదిని తెచ్చి ఫిల్ము మీద గీత పక్కన ఆనించింది.

"ఫోటోలో చిన్నగా ఏమన్నా తీస్తారా?"

"లేదు. ఉన్నంతే పడుతుందంట."

అమ్మ నవ్వింది. మొదట సన్నగా, తర్వాత ఆపుకోలేనట్టు. పమిట నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. మతి చలించిందేమోనని ఆమె భుజం పట్టుకున్నాను.

"ఎందుకు నగుతాండావమ్మా?"

"ఇది నాది గాదు పాపా. ఇది నా సూది గాదు." వేలితో చూపించింది. "బొంత సూది నా యేలంత ఉంటాది, పొడుగునా ఒకటే లావు. ఇది దాంట్లో సగం లేదు. పైన లావు, కింద సన్నం, చూడు. ఇది మిషను సూది. జాకెట్లు కుట్టే మిషనుది. నేను గాదు పాపా, నేను గాదు!"

నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళలో అమ్మ అంత గట్టిగా ఏడవడం నేను చూడలేదు. నేనూ పట్టుకున్నాను. అమ్మ కాదు, ఆ ఒక్క మాట చాలు అనిపించింది. నిజం చెప్తున్నాను, ఆ కాసేపు నాకు వీసా గుర్తులేదు, బ్రిటన్ గుర్తులేదు. అమ్మ ఒంటి వాసన తప్ప ఏమీ గుర్తులేదు.

కానీ మెదడు ఊరుకోదు కదా. "కుట్టేటప్పుడు ఇరిగి నా బొంతలో పడిందేమోమా," అన్నాను.

"ఇరిగితే ముక్క ఉంటాది. ఇది నిండు సూది. మిషనుకుండే సూది ఊరికే ఊడి రాదు, మర వదులు చేసి తియ్యాల..." పని తెలిసిన మనిషి చెప్పినట్టే చెప్పుకుంటూ పోయింది. పోతూ పోతూ తన మాట తనకే వినిపించినట్టుంది. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళలో మాత్రం లేదు.

"మరి నీ సూది యాడికి పాయ?" అన్నాను.

నాకు మెల్లగా తెలుస్తోంది. మిషను సూది నాలో గుచ్చి, అమ్మ పెట్టిన సూదిని తీసేస్తే చాలు. ఇక ఆమె ఎవరినీ అడగదు, ఏ ఆసుపత్రికీ పోదు. తప్పు తనదే అనుకుని జీవితమంతా తన నోరు తానే కుట్టేసుకుంటుంది. అమ్మ గురించి బాగా తెలిసిన మనిషి చేసిన పని ఇది.

"మనింట్లో మిషను ఎవురిదమ్మా? నేను ఎప్పుడూ చూడలేదే."

అమ్మ గుమ్మానికి ఆనుకుంది.

"మీ ఓబులత్తది. నర్సు సదువుకు కర్నూలు పోకముందు ఊరందరికీ జాకెట్లు కుట్టేది. నేను పక్కన కూచోని హుక్కులు కుట్టేదాన్ని. మిషను ఎవురినీ ముట్టుకోనిచ్చేది గాదు. నీ గౌన్లన్నీ ఆయమ్మ కుట్టినవే." నా ఎడమ భుజం వైపు చూసింది. "నేను బర్రె కాడికి పోతే నిన్ను చూసుకునేది ఆయమ్మే."

నేను పోవాలనుకుంటున్న దేశంలో నాకు తెలిసిన ఇల్లు ఒకటే. ఆ ఇంట్లో నాకోసం ఒక గది సిద్ధం చేసి, పరుపు కొని, దుప్పటి వేసి, ఫోటో తీసి పంపింది ఆమె. నేను ఆ ఫోటోను స్నేహితులందరికీ చూపించుకున్నాను. ఇక ఆ పరుపు మీద పడుకోలేను. దరఖాస్తులో ఆ చిరునామా కొట్టేయాలి. ఎందుకు కొట్టేశావని నాయన అడుగుతాడు. తోడబుట్టిన అక్కను దేవతలా చూసుకునే మనిషికి ఏమని చెప్పాలి?

"అమ్మా, నాయనకు ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. ముందు డాక్టరమ్మతో..."

అమ్మ నా మాట వినడం లేదు. ఆమె చూపు నా మీద లేదు. ఇంటి వెనక చీనీ తోట వైపు, చెట్ల వరసలు ఆగిపోయే గట్టు వైపు చూస్తోంది.

"దాన్ని కూడా ఆయమ్మే చూసుకునేది," అంది.

"దేన్ని?" అన్నాను, తెలిసే అన్నాను.

"ఉన్నట్టుండి ఏడుపు మొదలుపెట్టె. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే." ఇందాక చెప్పిన మాటలే, కానీ ఇప్పుడు ఎవరో కొత్తగా చెప్తుంటే వింటున్నట్టు చెప్పింది. "దాన్ని నేను తిట్టినా పాపా. రావాకు అని గడప కాడ నిలబడి తిట్టినా."

"అమ్మా, కూచో. రోంత నీళ్ళు తాగు."

అమ్మ కూర్చోలేదు. పమిట బొడ్లో దోపుకుంది. ఎక్స్‌రే ఫిల్మును నా చేతిలోంచి తీసుకుని, మడత పడకుండా కవరులో పెట్టి, కవరును బొంత మీద ఉంచింది. అంత కుదురుగా ఉన్న అమ్మను చూస్తే, నవ్వినప్పటికంటే ఎక్కువ భయమేసింది.

"నోట్లో పండ్లు రాని బిడ్డను కాల్చరు," అంది. "గట్టు కాడ పూడ్చినాము."

అమ్మ వసారా దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా కాలే నాపరాళ్ళ మీద నిలబడి నా వైపు తిరిగింది.

"మీ నాయనకు ఫోన్ చెయ్యి. పార యాడ పెట్టినాడో అడుగు."